పొయ్యికింది కోట

కొత్త ఇటికలు తడుపుతుంటే లేచే వాసనకి నాకిప్పటికీ రోషమొస్తుంది.

దొరల రోజులు, ఏలూరు బడి. "కోటలూ రాజులూ పుస్తకాల్లోనే. మన కొల్లేట్లో ఏవుంటాయే, చేపలు తప్ప?" అన్నారు మేష్టారు.

"కొల్లేటికోట ఉందండీ," అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఆ ఎండాకాలం అమ్మమ్మ అమ్మవారి మొక్కు తీర్చుకోడానికి కొల్లేటికోట బయల్దేరితే నేనూ వెంటపడ్డాను. ఎండి పగుళ్ళిచ్చిన కొల్లేట్లో రెండ్రోజులు నడిచాం. దారంతా బురుజులూ ఏనుగులూ ఊహించుకున్నాను. తీరా చూస్తే మట్టిదిబ్బ, నాలుగు గుడిసెలు. ఏడుపొచ్చింది. చేపల పులుసు కాస్తున్న ఒకావిణ్ణి, "కోట ఎక్కడండీ?" అనడిగాను.

"ఇదిగోనమ్మా, నా పొయ్యి! దిబ్బ తవ్వితే ఇవే ఇటికలు," అని నవ్వి, జానెడు వెడల్పున్నది ఒకటి, మట్టివాసన లేచేలా నీళ్ళు పోసి కడిగి నా చేతికిచ్చింది. పచ్చిమట్టిగా ఉన్నప్పుడు ఎవరో నొక్కిన వేలిగుర్తుందా ఇటిక మీద. నా వేలు అందులో సరిగ్గా పట్టింది.

అమ్మమ్మ తిడుతున్నా ఏలూరుదాకా మోసుకొచ్చి, బడి తెరవగానే మేష్టారి బల్లమీద పెట్టి, ఎక్కడిదో చెప్పాను. "పొయ్యిలో ఇటిక తెచ్చి కోటంటావా!" అని నన్ను బెంచీ ఎక్కించారు.

సాయంత్రం గంట కొట్టాక బెంచీ దిగాను. కోట ఉందన్న మాటమీంచి మాత్రం ఇవాళ్టికీ దిగలేదు.