తగ్గకూడని గుండెదడ

ఆ రోజుల్లో మా కృష్ణా జిల్లాలో మెడ దిగువ నుంచి బొడ్డు దాకా మనిషికి వచ్చే జబ్బు ఒక్కటే ఉండేది. దాని పేరు గ్యాసు. గుండెలో కలుక్కుమన్నా గ్యాసే, వీపు పట్టేసినా గ్యాసే. పరీక్ష తప్పి దిగులుగా కూర్చున్నవాణ్ణి కూడా "ఏరా, గ్యాసు పట్టిందా?" అనే అడిగేవారు. వాము నమిలేవాడికీ, జీలకర్ర నీళ్ళు తాగేవాడికీ, గోళీసోడా కొట్టి గట్టిగా త్రేన్చేవాడికీ డాక్టరుతో పని పడదని మా అమ్మ నమ్మకం. నేను బియస్సీ చదివినవాణ్ణి కాబట్టి అమ్మకంటే ఇంకొంచెం గట్టిగా నమ్మేవాణ్ణి.

నా గ్యాసు మాత్రం కొంచెం పెంకిది. పరిగెడితే ఎవరికైనా దడ వస్తుంది, అది మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. నాది అలా కాదు. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే, ఏ కారణమూ లేకుండా, స్విచ్చి వేసినట్టు టక్కున గుండె పరుగు అందుకునేది. మెడలో నరం ఎగిరేది, చొక్కా జేబు దానంతటదే కదిలేది, అరచేతులు చల్లబడేవి. పది నిమిషాలకో, అరగంటకో మళ్ళీ టక్కున ఆగిపోయేది. ఆగాక నేను మామూలు మనిషినే. అప్పట్లో రొయ్యల మేత కంపెనీలో సేల్స్ ఉద్యోగం. బందరులో గది తీసుకుని, దివిసీమ చెరువులన్నీ తిరుగుతుండేవాణ్ణి. బస్టాండు ముందు సోడా బండి బాబాయి ఒకడు ఉండేవాడు. దడ రాగానే వెళ్ళి చల్లటి సోడా గటగటా తాగి ఒక్క త్రేన్పు త్రేనిస్తే, చాలాసార్లు అక్కడికక్కడే ఆగిపోయేది. అది గ్యాసు అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? మూడేళ్ళపాటు నా గుండెజబ్బుకి వైద్యం చేసింది ఆ బాబాయే. (ఆయనకి ఆ సంగతి తెలియదు. నాకూ తెలియదు.)

ఇలా ఉండగా గుడివాడలో ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి కాన్వెంటులో లెక్కల టీచరు. పెళ్ళిచూపులకి మా అక్క, బావ, నేను వెళ్ళాం. అమ్మాయి వచ్చి కూర్చుంది. నేను తలెత్తి చూశానో లేదో, టక్కుమని నా గుండె బయల్దేరింది. ఇది ప్రేమేమో అని అనుమానించే పాటి కవిత్వం నాలో లేదు. గ్యాసే అనుకుని, ఆ ఇంట్లో పెద్దమనిషిలా కూర్చున్న అమ్మాయి మేనమామ వైపు తిరిగి, "సోడా ఏమైనా దొరుకుతుందాండీ?" అని అడిగాను.

ఆయన రిటైరైన కాంపౌండరు. చుట్టూ అందరూ ఆయన్ని డాక్టరు గారనే పిలిచేవారు, ఆయన కూడా ఎన్నడూ కాదనలేదు. నా ప్రశ్న విని కళ్ళజోడు సర్దుకుని, "బాబుకి సోడా అలవాటుందా?" అన్నారు.

"ఉందండీ, మూడేళ్ళనుంచీ."

"రోజూనా?"

"లేదండీ. వచ్చినప్పుడే."

మా అక్క నా కాలు తొక్కింది. ఎందుకు తొక్కిందో నాకు అర్థం కాలేదు. ఈలోగా నా నుదుటిమీద చెమటలు. అందరూ నా మొహం చూస్తుంటే, ఆ అమ్మాయి మాత్రం లేచి వెళ్ళి ఫ్యాను స్పీడు పెంచి వచ్చి కూర్చుంది. నేను ఆ క్షణంలోనే ఈ పిల్లనే చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. సరిగ్గా అదే క్షణంలో కాంపౌండరు మావయ్య నా మణికట్టు పట్టుకున్నారు. కాసేపు లెక్కపెట్టారు, వదిలేశారు, మళ్ళీ పట్టుకున్నారు. మూడోసారి లెక్క అందక మానేసి, మా బావని వరండాలోకి పిలిచారు.

"అబ్బాయి మంచివాడేనండీ. కానీ తాగుతాడనైనా అనుకోవాలి, గుండెజబ్బనైనా అనుకోవాలి. ఏదైనా పిల్లని ఇవ్వలేం గదా! మంచి డాక్టరుకి చూపించి, ఫలానా అని కాగితం మీద రాయించుకు రండి. మూఢం వచ్చేలోపు తెస్తే సరి, లేదంటే వేరే సంబంధం ఉంది మాకు." ఆ మాట వరండాలోంచి నాకు వినపడేలాగే అన్నారు.

మూఢానికి ఇరవై రెండు రోజులుంది. మర్నాడే బందరులో గుండె డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒంటినిండా వైర్లు తగిలించి ఈసీజీ తీసి, "బ్రహ్మాండంగా ఉందయ్యా" అన్నారు. ఉండకేం! ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు వెనకబెంచీ కుర్రాళ్ళు కూర్చున్నట్టు కూర్చుంది నా గుండె. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "టక్కున మొదలై టక్కున ఆగుతుందన్నావు చూడు, అది భయంతో వచ్చే దడలా లేదు. కానీ అనుమానం మీద కాగితం రాయలేను. పరిగెత్తేటప్పుడు పట్టుకుని రా. ఏ వేళైనా సరే తీస్తాను. కళ్ళు తిరిగినా, గుండెలో నొప్పొచ్చినా మాత్రం నా దాకా రాకు, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అందులో పడు" అన్నారు. గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, "దారిలో ఆ సోడా తాగి ఆపేసుకోకు" అని కూడా చెప్పారు.

ఇక చూడండి నా అవస్థ. మూడేళ్ళుగా పిలవకుండా వచ్చిన దడ, రమ్మని బతిమాలుతుంటే రాదు. రోజుకి ఎనిమిది కాఫీలు తాగాను. నిద్ర మానేశాను. (ఈ రెండూ నాలాంటివాళ్ళు అసలు చేయకూడనివని ఆ తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసినా చేసేవాణ్ణే.) గుండె మాత్రం గడియారంలా నడిచింది. మా బావ రోజూ సాయంత్రం వచ్చి, "ఏరా, వచ్చిందా?" అనేవాడు. రాలేదంటే పెదవి విరిచి, "నీ గుండెకి ఈ పెళ్ళి ఇష్టం లేదురా" అని వెళ్ళిపోయేవాడు.

పద్దెనిమిదో రోజున నాగాయలంకలో పని చూసుకుని బందరు బస్సెక్కాను. పక్క సీట్లో ఎండురొయ్యల గంపతో ఒక మామ్మ. చల్లపల్లి దాటాం. నేను కిటికీలోంచి వరిచేలు చూస్తూ, గుడివాడ మీద ఆశ వదిలేసుకుంటున్నాను. అప్పుడు మొదలైంది, టక్కున! నాకు పట్టరాని సంతోషం. అంతలోనే భయం. బందరు ఇంకా ముప్పావుగంట దూరం. అంతసేపూ ఇది ఆగకుండా ఉండాలి. కదిలితే ఆగుతుందేమో, గట్టిగా ఊపిరి పీలిస్తే ఆగుతుందేమోనని, నిండుబిందె నెత్తిన పెట్టుకున్నవాడిలా బిగుసుకుని కూర్చున్నాను.

మామ్మ నా వైపు చూసింది. "ఏంటి అబ్బాయ్, అట్టా చెమటలు కారిపోతన్నయ్యి?"

"ఏం లేదు మామ్మా."

"ఏం లేకపోవడం ఏంటి? మెడ చూడు, ఎట్టా ఎగురుతందో! గ్యాసు పట్టేసింది ఈ పిల్లోడికి!"

అంతే, బస్సంతా కదిలింది. ముందు సీటాయన వాము పొట్లం అందించాడు. ఒకావిడ జీలకర్ర నమలమంది. వెనకనుంచి ఎవరో నా వీపు మీద చరిచి త్రేన్చమన్నారు. నేను నోరు గట్టిగా మూసుకుని అన్నిటికీ అడ్డంగా తల ఊపుతున్నాను. ఇంతలో రోడ్డు పక్కన సోడా బండి కనపడింది. మామ్మ కేకకి కండక్టరు బస్సు ఆపించాడు. ఆర్టీసీ బస్సు స్టేజీ కాని చోట నాకోసం ఆగడం నా జీవితంలో అదొక్కసారే. ఎవరో దిగి పరిగెత్తారు. చల్లటి సోడా, నురగలు కక్కుతూ, సరిగ్గా నా మూతి ముందుకి వచ్చింది.

"తాగండి సార్, నిమిషంలో తగ్గిపోద్ది" అన్నాడు కండక్టరు.

"వద్దండీ."

"డబ్బులు ఇచ్చేశాలే అబ్బాయ్, తాగు" అంది మామ్మ.

అందరూ నన్నే చూస్తున్నారు. ఆఖరికి డ్రైవరు కూడా వెనక్కి తిరిగాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. లేచి నిలబడి, "నాకిది తగ్గకూడదండీ! బందరు వెళ్ళేదాకా తగ్గకూడదు! తగ్గితే నా పెళ్ళి ఆగిపోతుంది!" అని అరిచాను.

ముందు సీటాయన వాము పొట్లం వెనక్కి తీసేసుకున్నాడు. కండక్టరు ఒక్క క్షణం నన్ను పరీక్షగా చూసి, రైట్ రైట్ అన్నాడు. సోడా మామ్మే తాగేసింది. దడ నడుస్తున్నప్పుడే డాక్టరు చూడాలని నేను చెప్తే విని, అక్కడనుంచి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఐదు నిమిషాలకోసారి, "ఉందా?" అనేది. "ఉంది మామ్మా" అనేవాణ్ణి. "ఉండనీ, ఉండనీ" అనేది.

బస్టాండులో నాతోపాటు దిగి, గంప చంకనెత్తుకుని ఆసుపత్రి దాకా వచ్చింది. నాకు మతి చెడిందని నిశ్చయించుకునే వచ్చిందని నా అనుమానం. ఇరవై ఏడో నెంబరు టోకెను ఇవ్వబోయిన నర్సుని పక్కకి నెట్టి, "నడుత్తున్నప్పుడే చూడాలంట తల్లీ! ఆగితే పెళ్ళి ఆగిపోద్దంట!" అని చెప్పింది. డాక్టరు గారు చూస్తున్న పేషెంటుని వదిలి పరిగెత్తుకొచ్చారు. వైర్లు తగిలించారు. మిషన్లోంచి కాగితం వస్తుంటే ఆయన మొహం వెలిగిపోయింది. "దొరికిందయ్యా! నిమిషానికి నూట తొంభై!" ఆ గదిలో అంత సంతోషంగా ఉన్నది మేమిద్దరమే.

తర్వాత ఆయన నా పక్కన కూర్చుని చెప్పారు. గుండెకి కొట్టుకోమని చెప్పే కరెంటు పైనుంచి కిందకి ఒక దారినే పోవాలట. నాకు పుట్టుకతోనే పక్కన ఇంకో సన్నదారి ఉందట. అప్పుడప్పుడు ఒక దారిన దిగిన కరెంటు రెండోదారిన మళ్ళీ పైకెక్కి, అక్కడక్కడే గిరగిరా తిరుగుతుందట. "ఇప్పుడు ఊపిరి బిగబట్టి ముక్కు" అన్నారు. నాకు అర్థం కాలేదు. "మూడు రోజులు విరేచనం కానివాడు ముక్కినట్టు ముక్కవయ్యా" అన్నారు. నర్సూ, వార్డుబాయీ, మామ్మా చూస్తుండగా ముక్కాను. రెండోసారికి టక్కున ఆగిపోయింది. చల్లటి సోడా గటగటా తాగడం, మొహం మీద చన్నీళ్ళు కొట్టుకోవడం కూడా ఇలాగే మెడలోంచి గుండెకి దిగే ఒక నరాన్ని తట్టి దానికి కళ్ళెం వేస్తాయని చెప్పారు. కాఫీ తగ్గించమన్నారు, నిద్ర మానొద్దన్నారు, ఒక మాత్ర రాశారు. ఆగిన తర్వాత ఇంకో ఈసీజీ తీశారు. మామ్మ ఆ రెండు కాగితాలూ మార్చి మార్చి చూసి, "రెండూ ఒకడివేనా!" అని బుగ్గలు నొక్కుకుని, గంపెత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

మర్నాడు గుడివాడ వెళ్తుంటే మా బావ ఉపాయం చెప్పాడు. "పిచ్చోడా, రెండోది చూపించు. మొదటిది చింపెయ్. ఆ రోజు కంగారుపడ్డానని చెప్పు, అయిపోద్ది." నాకు ఆ మాట నచ్చింది. హరిశ్చంద్రుడి వంశం కాదు మాది. కాంపౌండరు మావయ్య మంచి కాగితం తిప్పి తిప్పి చూసి, "నార్మలే! మరి ఆ రోజు ఏంటి బాబూ?" అన్నారు. "కంగారండీ" అన్నాను. అందరూ నవ్వారు. అమ్మాయి కూడా చిన్నగా నవ్వింది. ఆయన పంచాంగం తెమ్మన్నారు. సంబంధం ఖాయమైపోయింది.

అక్కడితో నోరు మూసుకోవచ్చు. కానీ చూడండి, మూడేళ్ళు నాతో సహా అందరూ గ్యాసనుకున్న జబ్బు. ఒక బస్సెడు జనం ముందు పరువు పోగొట్టుకుని సంపాదించిన కాగితం జేబులో ఉంది. అది ఎవరికీ చూపించకుండా ఎలా ఉండను? (నిజాయితీ అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అది నిజాయితీ కాదు, గొప్పలు.) దానికి తోడు ఆ చిన్న నవ్వు నన్ను కాసేపు నిలవనివ్వలేదు. మొదటి కాగితం తీసి బల్లమీద పరిచి, "అసలు సంగతి ఇదండీ" అని మొదలెట్టాను. దారులూ, కరెంటూ, ముక్కుడూ అన్నీ చెప్పాను. మా బావ కిటికీ వైపు తిరిగిపోయాడు. మావయ్య మొహం వాడిపోయింది. పంచాంగం మూసేశారు. "అంటే జబ్బు ఉన్నట్టే గదా బాబూ" అన్నారు నెమ్మదిగా. చేతులారా చెడగొట్టుకున్నానని అర్థమై, కాగితాలు మడతపెట్టడం మొదలెట్టాను.

అప్పుడు ఆ అమ్మాయి అడిగింది. "అది వచ్చినప్పుడు పక్కనున్నవాళ్ళు ఏం చెయ్యాలండీ?"

అన్నాళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనే డాక్టరు గారిని అడగలేదు. ఏం చెప్పాలో తోచక, "కంగారు పడకుండా పక్కన కూర్చుంటే చాలండీ. ఎంతసేపుందో టైము చూసుకోవాలి. ఎక్కువసేపు ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి" అన్నాను.

"అంతేనా?" అంది. తర్వాత మావయ్య వైపు తిరిగి, "నేను కూర్చుంటాను మావయ్యా" అంది.

కూర్చుంది కూడా. తొమ్మిదేళ్ళు కూర్చుంది. పెళ్ళి పీటల మీద ఒకసారి, పిల్లాడి అన్నప్రాసన రోజు ఒకసారి, బందరు బీచిలో ఒకసారి. నా మణికట్టు పట్టుకుని, రెండో చేతి వాచీ చూస్తూ, లెక్కల టీచరు మొహం పెట్టుకుని లెక్కపెట్టేది. నేను పక్కన ముక్కుతూ ఉండేవాణ్ణి. ఆ తర్వాత హైదరాబాదులో తొడ నరంలోంచి సన్నటి వైరు పంపి ఆ రెండోదారిని కాల్చి మూసేశారు. మళ్ళీ ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు నా గుండె ఏ ఊరి దాకా తీసుకెళ్ళినా బుద్ధిగా వస్తుంది. అయినా ఎప్పుడైనా టీవీ చూస్తూ మా ఆవిడ అలవాటుగా నా చెయ్యి అందుకుని నాడి చూస్తుంది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదని నాకు తెలుసు, తనకీ తెలుసు. కానీ జబ్బు తగ్గిపోయిందని గుర్తుచేస్తే చెయ్యి వదిలేస్తుందేమోనని, ఈ వయసులో కూడా, నేను కిక్కురుమనకుండా కూర్చుంటాను.