పూండి బస్సులో మగపురుగు

మద్యనిషేధం గట్టిగా ఉన్న ఆ రోజుల్లో నేను కప్పల కడుపులో పురుగులు వెతికేవాణ్ణి. అదే నా పరిశోధన. తిరుత్తణిలో మాది మగ్గాల ఇల్లు. కొడుకు కప్పలు కోస్తున్నాడని మా అమ్మ ఎవరికీ చెప్పుకునేది కాదు.

ఒక పురుగు కొత్త జాతిదని నాకు గట్టి నమ్మకం. కానీ దొరికినవన్నీ ఆడవే. మగదాని తోక చూపించనిదే కొత్త జాతి అంటే ఎవరూ ఒప్పుకోరు. రెండు వానాకాలాలు పూండి జలాశయం చుట్టుపక్కల బురదలో పొర్లాక, ఒక కప్ప పేగులో వంకర తోకతో మగవాడు దొరికాడు. తెగిన పోగు ముక్కంత ఉన్నాడు. చిన్న సీసాలో స్పిరిట్ పోసి, వాణ్ణి అందులో వేసి, తిరువళ్ళూరు బస్సెక్కాను.

దారిలో పోలీసులు బస్సు ఆపారు. కానిస్టేబుల్ నా సీసా మూత తీసి వాసన చూశాడు. మొహం వెలిగిపోయింది.

"ఏం తంబీ, సరక్కు యాడ పట్టినావు?"

"సారా కాదు సార్, పురుగు సార్. మగది సార్. ఇంకోటి దొరకదు సార్."

మా ప్రొఫెసర్ ఇచ్చిన ఉత్తరం చూపించాను. అది ఇంగ్లీషులో ఉండేసరికి అనుమానం ఇంకా పెరిగింది. బస్సంతా నా మగపురుగు గోడు వింటోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి కానిస్టేబుల్ తీర్పు చెప్పాడు. "పురుగు నీది, పెట్టుకో. స్పిరిట్ మాత్రం కుదరదు."

సీసా మూతికి వేలు అడ్డం పెట్టి, స్పిరిట్ కిటికీలోంచి వంపేసి, పురుగున్న సీసా నా చేతికిచ్చి దిగిపోయాడు.

బస్సు కదిలింది. పురుగు ఎండితే తోక ముడుచుకుపోతుంది, దాంతోపాటు నా చదువూ. పక్కావిడ మజ్జిగ పోస్తానంది. ఇంకెవరో సోడా మంచిదన్నారు. అప్పుడు వెనక సీట్లోంచి ఒక ముసలి రైతు లేచొచ్చి, రొండిన దోపుకున్న కషాయం సీసా తీశాడు. మూత తియ్యగానే అది కషాయం కాదని బస్సు మొత్తానికీ తెలిసిపోయింది.

"మొగోడు గదా నాయినా, వానికీ ఒక చుక్క పడాల," అంటూ నా సీసా నిండా పోశాడు. ఆయనకు అడుగున గుక్కెడు మిగిలింది. దాని వైపు దిగులుగా చూసుకున్నాడు.

నాకు ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది.

"తాతా, నీ పేరు చెప్పు. ఈ పురుక్కి నీ పేరే పెడతా."

"అచ్చేస్తారా?"

"ఊ. లోకమంతా చదువుతారు."

ముసలాయన వెనక అద్దంలోంచి కానిస్టేబుల్ దిగిపోయిన వైపు చూశాడు.

"వొద్దులే నాయినా. వాడు గూడా సదువుతాడు."

అందుకని దానికి పూండి పేరు పెట్టాను. ఆల్కహాల్‌లో భద్రపరిచామని వ్యాసంలో రాశాను. ఎవరి ఆల్కహాల్ అని ఏ పండితుడూ అడగలేదు.