నాగప్ప చూస్తే తగ్గే అంకె

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. చెన్నేకొత్తపల్లిలో మా ఇంట్లో డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషిని నేనే. హిందూపురం ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకున్న సంతోషంలో, మిషను చెప్పిందే నిజం అనుకునేదాన్ని.

ధర్మవరం నుంచి నాగప్ప అనే నేతగాడు వచ్చాడు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. డాక్టరు ఆ నీళ్లు తీసి, అందులో ఏడీఏ అనే ఎంజైమ్ ఎంతుందో చూడమన్నారు. నలభై దాటితే టీబీ కావచ్చు, మందులతో తగ్గుతుంది. తక్కువుంటే కేన్సరేమోనని బెంగళూరుకు పంపాలి.

మేం ఏ శాంపిలైనా రెండుసార్లు పెడతాం. అంకె కాస్త అటూ ఇటూ అవడం మామూలే. నాగప్పది మొదట అరవై రెండు, తర్వాత పద్నాలుగు.

మిషను సరిగ్గా ఉందో లేదో చూసే కంట్రోల్ పెట్టాను. సరిగ్గానే వచ్చింది. శాంపిల్లో కలిపే రసాయనం మార్చి మళ్లీ పెట్టాను. పద్నాలుగే. తలెత్తితే, అద్దం తలుపు అవతల నాగప్ప. రెప్ప వేయకుండా మిషన్నే చూస్తున్నాడు.

"ఈడేం చూస్తాండావన్నా?"

"చూడకుంటే ఎట్లమ్మా? మగ్గం మీంచి కన్ను తీస్తే పోగు తెగతాది. ఇది నా పానం కదా!"

టీ తాగి రమ్మని పంపి, మళ్లీ పెట్టాను. అరవై ఒకటి. తిరిగొచ్చి నిలబడ్డాడు. పద్నాలుగు.

డాక్టరుకు ఏ అంకె చెప్పాలి? మిగిలిన నీళ్లు ఐసు డబ్బాలో పెట్టి, పెనుకొండ ల్యాబ్‌లో ఉన్న నా క్లాస్‌మేట్ షాహీన్‌కు బస్సులో పంపాను. నాగప్ప సంగతేమీ చెప్పలేదు. ఆయన్ని నా ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టుకున్నాను.

సాయంత్రం షాహీన్ ఫోన్ చేసింది.

"యాడ తెచ్చినావే ఈ నీళ్లు? ఒకసారి అరవై, ఇంకోసారి పద్నాలుగు. అయినా ఆ మనిషినెందుకు పంపిస్తివి? ఎర్ర తువ్వాలేసుకోని అద్దం కాడే నిలబడినాడు. పొమ్మని అరిస్తే గానీ పోలేదు."

ఎర్ర తువ్వాలు మెడలో వేసుకుని, నాగప్ప నా ఎదుటే బెంచీ మీద నిద్రపోతున్నాడు.

రెండు అంకెలూ డాక్టరుకు చెప్పేశాను. ఆయన ఊపిరితిత్తి పొర ముక్క తీయించి పరీక్షకు పంపారు. టీబీయే!

నిన్ననే నాగప్ప ఫోన్. "పాపా, ఆరు నెలల మందులూ అయిపోయినాయి. మళ్లీ మగ్గంలో కూచున్నా!" ఆనందంతో ఎగిరి గంతేశాను. ఉండబట్టలేక, ఆ రోజు గాని పెనుకొండకు పోయినావా అని అడిగేశాను.

"నేనేడ పోతి? నీ బెంచీ మీదే కునుకు పడితే, కలలో ఎవరో తలకు గుడ్డ కట్టుకున్న పాప పొమ్మని ఒకటే అరుపు."

షాహీన్ తలకు గుడ్డ కట్టుకుంటుంది. నాగప్ప ఆమెను ఎన్నడూ చూడలేదు. షాహీన్‌కు ఈ మాట ఇంకా చెప్పలేదు.