అది ఆయ్ కాదు

సఖినేటిపల్లి రేవులో ఎబినేజర్ "నర్సాపురం, నర్సాపురం" అని కేకేస్తే, టీ తాగుతున్నవాళ్ళు కూడా గ్లాసులు వదిలేసి గోదావరి దాటించే పంటు ఎక్కేవారు. గొంతులో క్యాన్సరు బాగా ముదిరాక బయటపడింది. మాట దక్కుతుందని లేజరు ఆపరేషను చేయించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే గడ్డ మళ్ళీ వచ్చింది, మాటకు బదులు బుస మిగిలింది. ఇప్పటికీ పొద్దున్నే మెడకు కండువా చుట్టుకుని రేవుకెళ్ళి, చేతులూపుతూ జనాన్ని పిలుస్తాడు. ఎవరేమడిగినా జవాబు కోసం గట్టిగా ఊపిరి వదులుతాడు. అది అచ్చం "ఆయ్" అన్నట్టే వినిపిస్తుంది. ఒప్పుకున్నాడనుకుని అందరూ వెళ్ళిపోతారు. అతనికి ఒళ్ళు మండిపోతుంది.

ఇక లేజరు పనిచేయదని, స్వరపేటిక మొత్తం తీసేస్తేనే బతికే ఆశ ఉందని డాక్టరు చెప్పిన సాయంత్రం, భార్య సుందరి అన్న ఇశ్రాయేలు వచ్చాడు.

"మూగోడై రేవులో నిలబడతారేంటండీ? ఇంకో డాక్టర్ని చూసి మళ్ళీ లేజరే చేయిద్దాం. ఏమంటారు బావగారూ?"

ఎబినేజర్ ఊపిరి వదిలాడు.

"ఆయ్ అన్నారు, విన్నావా చెల్లీ!"

ఎబినేజర్ చేతిలోని టీ గ్లాసు గోడకు తగిలి బద్దలైంది. కండువా లాగేసి, గొంతు పట్టుకుని, పీకి పారేయమన్నట్టు చెయ్యి విసిరాడు.

"అది ఆయ్ కాదన్నయ్యా," అంది సుందరి. "తీయించేయమంటున్నారు. అంతేనాండీ?"

అతను ఊపిరి వదిలాడు. ఈసారి మాత్రం అది నిజంగా ఆయ్.