చిన్నమ్మ, ఆమె బాల్కొండ అక్క

పోయిన నెల మా చిన్నమ్మ వాకిలి కడుగుతూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆర్మూర్‌లోనే ఎముకల డాక్టరు దగ్గరికి నేను తీసుకుపోయాను. పసుపు ఉడకబెట్టే రోజులు. ఊరి చుట్టూ ఏ వైపు నుంచి గాలి వీచినా అదే వాసన, దవాఖానలో ఫినాయిల్ వాసనను కూడా పక్కకు నెట్టేసి లోపల తిరుగుతోంది. చీటీ రాసే నర్సమ్మ తలెత్తకుండా అందరినీ అడిగినట్టే అడిగింది, "షుగరుందా అమ్మా? బీపీ ఉందా?" అని. చిన్నమ్మ విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, గొంతేమీ తగ్గించకుండా, "షుగర్ లేదు, బీపీ లేదు బిడ్డా. హెచ్‌ఐవీ ఉంది. మస్తు ఏండ్ల సంది ఉంది. గోలీలు మింగుతున్న" అంది. ఆమె పక్కన కూర్చున్నావిడ కొంగు దగ్గరికి లాక్కుని లేచి, కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. చిన్నమ్మ ఖాళీ అయిన కుర్చీని చూసి, నా చేతిలో సంచి తీసుకుని ఆ కుర్చీలో పెట్టి, "మంచిగైంది, ఇందాకటి సంది సంచికి జాగ లేకుండె" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే, ఆ మాట గట్టిగా అనడానికి ఆమెకు ఎన్నేళ్లు పట్టిందో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

చిన్నమ్మది ధర్పల్లి. మా చిన్నాయన ఆమెను పెళ్లి చేసుకుని తెచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆమెకు నవ్వొస్తే ఆపుకోవడం చేతనయ్యేది కాదు. మా నాయనమ్మ ముందర నవ్వొస్తే లేచి పసుపు కుప్ప వెనక్కి పరిగెత్తేది, అక్కణ్నుంచి భుజాలు ఊగడం మాకు కనిపిస్తూనే ఉండేది. పెళ్లయిన కొన్నాళ్లకే చిన్నాయన గల్ఫ్ పోయాడు. మా వైపు అది వింత కాదు, ఇంటికొకరు అక్కడ ఉండేవారు. సెలవుకు వచ్చినప్పుడల్లా దళసరి దుప్పట్లు, సబ్బులు, సెంటు సీసాలు తెచ్చేవాడు. ఆయన వెళ్లిపోయాక కూడా చాలా రోజులు మా ఇంట్లో పసుపు వాసనా ఆ సబ్బు వాసనా ఒకదానితో ఒకటి పడనట్టు వేరువేరుగా ఉండేవి. ఒకసారి మాత్రం ఆయన చెప్పాపెట్టకుండా దిగాడు. దుప్పట్లు లేవు, సబ్బులు లేవు. "వీసా ఖతమైంది" అన్నాడు. అక్కడి రక్తపరీక్షలో జబ్బు తేలి వెనక్కి పంపేశారని మాకు తరువాత తెలిసింది.

ఆయన మంచం పట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. జ్వరం తగ్గేది కాదు, దగ్గు తగ్గేది కాదు, నోట్లో పుండ్లతో గంజి కూడా దిగేది కాదు. నిజామాబాద్‌లో డాక్టరు మా బాపును పక్కకు పిలిచి చెప్పాడు. బాపు ఇంటికొచ్చి నేరుగా స్నానం చేశాడు. కాసేపు కూర్చుని, మళ్లీ లేచి ఇంకోసారి చేశాడు. అది ఎక్కడ అంటుకుందో, అక్కడి ఎడారిలోనో, విమానం కోసం బొంబాయిలో పడిగాపులు కాసిన రోజుల్లోనో, మాకు ఎవరికీ చిన్నాయన చెప్పలేదు, మేమూ అడగలేదు. వానాకాలంలో పోయాడు. కర్మకాండలయ్యాక బాపు చిన్నమ్మను పరీక్షకు తీసుకుపోయాడు. ఆమెకూ ఉందని చెప్పినప్పుడు ఆమె ఏడవలేదట. బస్సు వేళ అడిగినట్టు, "నేను ఎన్నడు సస్త సారూ?" అని అడిగిందట. వాళ్లకు పిల్లలు లేకపోవడం మా ఇంట్లో అప్పటిదాకా ఒక దిగులు. ఆ రోజు నుంచి అదొక్కటే మంచి జరిగిందని అందరూ లోలోపల అనుకున్నారు.

నాయనమ్మ ఆమె కంచం, గ్లాసు వేరు చేయించింది. విత్తనం పసుపు పెట్టే వెనక గదిలో మంచం వేయించింది. మా అమ్మ అంత కఠినురాలు కాదు గానీ, నాయనమ్మను దాటి మాట్లాడే మనిషీ కాదు. ఆమె చేసిందల్లా చేలకు కొట్టే పురుగుల మందు డబ్బాలు తీసుకుపోయి బియ్యం బస్తాల వెనక దాచడం. చిన్నమ్మ అది చూసి, "అక్కా, గక్కడ ఎలుకలు కొరుకుతయి, అటక మీద వెట్టు" అని సలహా ఇచ్చింది. అమ్మ ఆ మాట చెప్పుకుని నవ్వబోయి ఏడ్చేది. నిజానికి చచ్చిపోవాలన్న పట్టుదల కూడా చిన్నమ్మలో మిగల్లేదు. పొద్దున లేచి గోడకానుకుని కూర్చునేది, పొద్దుమూకాక లేచి లోపలికి పోయేది. పసుపు కుప్పలు వచ్చాయి, పోయాయి. వాటి వెనక్కి ఎవరూ పరిగెత్తలేదు.

నిజామాబాద్ సర్కారు దవాఖానలో ఆ జబ్బుకు గోలీలు ఉచితంగా ఇవ్వడం అప్పటికి కొత్త. బాపు బలవంతం మీద అమ్మ ఆమెను వెంటబెట్టుకుని పోయింది. ఆ వరుసలో అందరూ మొహాలు కప్పుకుని, ఒకరినొకరు చూసుకోకుండా నిలబడి ఉంటే, ఒకావిడ మాత్రం కొంగు బొడ్లో దోపుకుని, పెళ్లి భోజనాల దగ్గర నిలబడ్డట్టు ముందరివాళ్లతో, వెనకవాళ్లతో మాట్లాడుతోందట. బాల్కొండ మనిషి. లారీ నడిపే భర్త పోయాడు, ఆ తరువాత తమ్ముళ్లు ఇంట్లోంచి వెళ్లగొట్టారు. హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకుని మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మేది. "నా సంగతి తెలిస్తే కొంటరా అంటవా? కంకిని నిప్పుల మీద గింతసేపు కాలుస్త, ఏ పురుగైన బతుకుతదా!" అని తనే అడిగి తనే జవాబు చెప్పి నవ్విందట. చిన్నమ్మ నవ్వలేదు. అప్పుడామె చిన్నమ్మ గడ్డం పట్టుకుని, "సచ్చుడు ఎన్నడన్న సావొచ్చు చెల్లే. జర ఆగు. ముందుగాల గోలీ మింగు" అంది. ఆ రోజు నుంచి ఆమె చిన్నమ్మకు అక్క అయింది.

గోలీలు మొదట్లో చిన్నమ్మను చాలా ఏడిపించాయి. వాంతులు, కళ్లు తిరగడం, తెల్లారేసరికి ఒళ్లు తడిసిపోయే పాడు కలలు. రోజూ టీవీలో సీరియల్ మొదలయ్యే వేళకు బాల్కొండ నుంచి మిస్‌డ్ కాల్ వచ్చేది. నేను మింగిన, నువ్వు మింగినవా అని దాని అర్థం. చిన్నమ్మ మింగి తిరిగి మిస్‌డ్ కాల్ ఇవ్వాలి. ఇవ్వకపోతే మా ఇంట్లో ఫోను మోగుతూనే ఉండేది, సీరియల్ చూడనివ్వడం లేదని నాయనమ్మ తిట్టేది, ఆ తిట్లకు భయపడైనా చిన్నమ్మ గోలీ మింగేది. అలా మెల్లగా ఒంటికి కండ పట్టింది. పసుపు కొమ్ములు ఏరే కూలికి పోసాగింది. ఒకసారి కొత్తగా వచ్చిన డాక్టరు ఆమె చేతులు పచ్చగా ఉండడం చూసి కామెర్లనుకుని కంగారుపడ్డాడట. పక్కనున్న అక్క, "గవి ఆర్మూర్ చేతులు సారూ, కడిగినా పోవు" అని చెబితే చిన్నమ్మకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ మళ్లీ నవ్వింది. అమ్మ పొయ్యి ముందు నుంచి లేచొచ్చి ఆమె నవ్వడం చూసింది.

అక్కకు మాత్రం ఇది చాలలేదు. ఆమెకు బాగు కావాలి. పూర్తిగా బాగై, తమ్ముళ్ల వాకిట్లో నిలబడి, నాకిప్పుడేం లేదు అని చెప్పి, లోపలికి పోయి తల్లి పక్కన పడుకోవాలి. ఆ ఇల్లు ఆమె షెడ్డుకు ఎంతో దూరం కాదు. తల్లి వాకిట్లోకి వస్తే రోడ్డు మీదికి కనిపించేది. డాక్టరు ప్రతిసారీ ఈ గోలీలు జన్మంతా మింగాలనే చెప్పేవాడు, ఆమె ప్రతిసారీ ఇంకేదైనా మందు వచ్చిందా అని అడిగేది. ఎవరు చెప్పారో, వేరే జిల్లాలో ఒకతను పొడి ఇస్తాడని, దాంతో రక్తం శుభ్రమైపోతుందని విన్నది. పోయి తెచ్చుకుంది. ఇంగ్లీషు గోలీలు ఆపితేనే పొడి పని చేస్తుందన్నాడతను. ఆపేసింది.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికొచ్చింది. నేను సెలవులకు వచ్చి ఉన్నాను. వాంతులు ఆగాయి, కలలు ఆగాయి, మొహం నిండుగా ఉంది. వాకిట్లో ఎండుతున్న పసుపు మధ్యలో నిలబడి చిన్నమ్మను పిలిచింది.

"నన్ను జూడు చెల్లే. మంచిగ జూడు. గా గోలీలు బందువెట్టినంక గిట్లైన. నువ్వు గూడ నాతోటి రా."

"డాక్టరు సారుకు జెప్పినవా అక్కా?"

"ఆయనేమంటడు? సచ్చేదాక మింగుమంటడు. గీయన బాగైతదన్నడు. బాగైతది అన్న మాట మనతోటి ఇప్పటిదాక ఒక్కలన్న అన్నరా?"

చిన్నమ్మ కూర్చుని కొమ్ములు ఏరసాగింది. "బాగైతదని నేను ఎన్నడనుకున్ననక్కా? నాకు గా పొడి ఎందుకు? ఉన్నయే మింగుత" అంది.

అక్క మొహం నల్లబడింది. "నీకు బతకాలని లేదు. గందుకే రానంటున్నవ్" అని, తెచ్చిన కంకుల సంచి అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. చిన్నమ్మ వెనకాలే గేటు దాకా పోయి, "గోలీలు ఇడువకు అక్కా" అని కేక వేసింది. ఆమె తిరిగి చూడలేదు. ఆ రోజు నుంచి సీరియల్ వేళకు ఫోను మోగలేదు. చిన్నమ్మ చేస్తే ఎత్తలేదు.

మళ్లీ వానలు పడ్డాక, వరుసలో అక్క కనిపించక చాలా కాలమైందని, పోయి చూసొద్దామని చిన్నమ్మ నన్ను అడిగింది. ఇద్దరం బాల్కొండ బస్సెక్కాం. రోడ్డు పక్క షెడ్డుకు సగం తడిక అడ్డం ఉంది. కంకులు కాల్చే పొయ్యిలో బూడిద వానకు తడిసి గడ్డకట్టింది. లోపల మంచం మీద ఉన్నది ఆమేనని నేను గొంతు విన్నాకే నమ్మాను. "ఫోన్ ఖరాబైంది చెల్లే, గందుకే చెయ్యలే" అంది ముందుగా. చిన్నమ్మ దుప్పటిలో చుట్టి ఆమెను చంటిపిల్లలా ఎత్తుకుని ఆటోలో పెట్టింది. రోడ్డుకవతల ఒక ఇంటి తలుపు కొంచెం తెరుచుకుని మళ్లీ మూసుకోవడం నేను చూశాను.

నిజామాబాద్‌లో డాక్టర్లు టీబీ అన్నారు, ఒంట్లో తట్టుకునే శక్తి అసలు లేదన్నారు, గోలీలు మళ్లీ మొదలుపెట్టారు. చిన్నమ్మ వార్డులోనే ఉండిపోయింది. తినిపించడం, తుడవడం, బట్టలు మార్చడం, అన్నీ ఆమే. బాల్కొండకు కబురు పంపాం. తల్లి రాలేదు, రానివ్వలేదో ఏమో. ఒకరోజు అక్క చిన్నమ్మ చెయ్యి పట్టుకుని, దగ్గుల మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పింది. "పొడిది తప్పు లేదు చెల్లే. పులుపు తినొద్దన్నడు, నేను ఒకపారి చింతపండు పులుసు తిన్న. ఈసారి పథ్యం మంచిగ జేస్త." చిన్నమ్మ ఆమె మూతి తుడిచి, "అవ్ అక్కా. గంతే అయ్యుంటది. ఈసారి మంచిగ జేద్దాం" అంది.

నేను చిన్నమ్మను వరండాలోకి లాక్కొచ్చి కోప్పడ్డాను. ఆ పొడి ఇచ్చినవాడే ఆమెను చంపుతుంటే అవునంటావేమిటని. చిన్నమ్మ గోడ వైపు చూస్తూ, "పొయ్యేటామెకు గది అబద్ధమని జెప్పి నేనేం జెయ్యాలె బిడ్డా? గా ఒక్క ఆశనే ఉందామెకు. గదిగూడ నేనే గుంజుకోవాల్నా?" అంది. రెండోరోజే అక్క పోయింది.

శ్మశానానికి మా బాపు, ఆటో నడిపినతను, గోలీల వరుసలో పరిచయమైన మరో ఇద్దరు మగవాళ్లు వచ్చారు. తమ్ముళ్లు వచ్చి దూరంగా నిలబడి, పొగ తమ వైపు తిరిగేసరికి వెళ్లిపోయారు. ఆడవాళ్లు రాకూడదని ఎవరో అంటే, చిన్నమ్మ విననట్టే చివరిదాకా నిలబడింది. పొడి ఇచ్చినతని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఎవరు చేస్తారు? చేయాలంటే ముందు తమకేముందో చెప్పుకోవాలి.

ఇంటికొచ్చాక చిన్నమ్మ గోలీలు మానేసింది. మాతో చెప్పలేదు, డబ్బా నిండుగా ఉండడం అమ్మ చూసింది. అమ్మ బతిమాలినా, బాపు అరిచినా గోలీ ముట్టలేదు. మళ్లీ గోడకానుకుని కూర్చోవడం మొదలైంది. ఇంకెంతో కాలం ఉండదని మేమందరం అనుకున్నాం. అయితే మందుల తారీఖు వచ్చిన రోజు పొద్దున్నే ఆమె తల దువ్వుకుని, చీర మార్చుకుని, బస్టాండుకు నడిచింది. తరువాత చాలా ఏళ్లకు ఎందుకు పోయావని అడిగితే, "పోవద్దనే అనుకున్న బిడ్డా. కాళ్లు పోయినయి" అంది. ఇంతకన్నా పెద్ద జవాబు నాకు ఆమె దగ్గర ఎప్పుడూ దొరకలేదు. నేను వెతికాను గానీ, లేదు.

అలా కాళ్లు పోతూనే ఉన్నాయి. బాపు పోయాడు, అమ్మ పోయింది. నాయనమ్మ మంచంలో పడ్డాక ఆమెకు చేసింది చిన్నమ్మే. నాయనమ్మ ఆమె చేతి ముద్ద తింటూనే చివరిరోజు దాకా "చేతులు కడుక్కున్నవా?" అని అడిగేది, చిన్నమ్మ కడిగిన చేతులనే మళ్లీ కడుక్కుని వచ్చేది. ఇప్పుడు గోలీల వరుసలో కొత్తవాళ్లు ఏడుస్తుంటే పక్కన కూర్చుంటుంది. బాగైతదా అని అడిగితే, "బాగుగాదు. మింగితే బతుకుతం" అని చెబుతుంది. ఆ మాట విని కొందరు ఇంకా ఎక్కువ ఏడుస్తారట. అయినా మాట మార్చదు.

మొన్న నేను ఆమెకు తల దువ్వుతున్నాను. వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి. ఉన్నట్టుండి, "అక్క పోయేటప్పుడు గింత ముసల్ది గాదు గద?" అని అడిగింది. కాదన్నాను. "గిప్పుడు నేనే పెద్దదాన్నైన. గిప్పుడొస్తే ఆమెనే నన్ను అక్కా అనాలె" అంది. నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. పోయినవాళ్లు ఏ వయసులో పోయారో ఆ వయసులోనే ఉండిపోతారు. ఆశ ఉన్నా లేకపోయినా మిగిలినవాళ్లను మాత్రం కాలం ఆ వయసు దాటించి, ఇంకా ఇంకా ముందుకు నడిపిస్తూనే ఉంటుంది.