రవణమ్మ కంటి పొర కోసం మద్రాసుకు

మధ్యాహ్నం గూడూరులో ప్యాసింజరు ఎక్కాం, నేనూ నా భార్య రవణమ్మా. ఆమె ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. కుడి కంటి నల్లగుడ్డు మీద అడ్డంగా తెల్లటి పొర పేరుకుంటూ వచ్చింది. అభ్రకం రేకులు విడదీసే పని ఆమెది. చూపు ఆనక వేళ్లు తెగుతుంటే షెడ్డువాళ్లు మాన్పించారు. ఉన్న ఒక్క కన్నూ పోకముందే బయలుదేరాం.

"కళ్లాసుపత్రికా? తెల్లారేసరికి ఆడుండాల. చీటీ రాసేవాడి ముందర తిరునాళ్లే!" అన్నాడు మూడో తరగతి పెట్టెలో మా ఎదుటి పూలబేరగాడు.

చీకటిపడేవేళకు సెంట్రల్లో దిగి, పెరంబూరులో ఆమె తమ్ముడి క్వార్టర్సుకు చేరాం. రైల్వే వర్కుషాపులో పని అతనికి. సాంబారన్నం తిని పడుకుని, పొద్దున్నే కళ్లాసుపత్రికి వెళ్లాం.

డాక్టరు వేళ్లు చూపి ఎన్నని అడిగాడు. నేను రవణమ్మ వెనక నిలబడి, ఎన్ని వేళ్లో అన్నిసార్లు వీపు మీద తట్టాను. ఆమె సరిగ్గా చెప్పింది. డాక్టరు చెయ్యి వెనక దాచుకుని, "ఇప్పుడు?" అన్నాడు. నా వేలు ఆగిపోయింది.

"పరీక్ష ఎవరికయ్యా? మీకా, ఆమెకా?"

"ఇంట్లోనూ ఇంతే సార్. నా బదులు ఈయనే చూస్తాడు, ఈయనే చెప్తాడు" అంది రవణమ్మ.

ఏడాది కిందట గూడూరు డాక్టరు దగ్గరా ఇలాగే తట్టాను. చూపు బాగానే ఉందనుకుని ఆయన చుక్కల మందిచ్చి పంపాడు. ఆపరేషనంటే భయం నాది, ఏడాది నష్టం ఆమె కంటికి. అదంతా డాక్టరుకు చెప్పేశాను.

"ఇది కాల్షియం. లోపలి పాత వాపు వల్ల పేరుకుంది. కరిగించే మందు ఈమధ్యే వచ్చింది. చెయ్యమంటారా?"

నేను రవణమ్మ వెనక నుంచి పక్కకు జరిగాను.

"చెయ్యండి సార్" అంది రవణమ్మ.

మొద్దుబార్చే చుక్కలు వేసి, నల్లగుడ్డు పైచర్మం గీకి, మందులో తడిపిన దూది ఆనించి మెల్లగా తుడిచారట. మత్తు దిగాక మంట బాగా పెట్టింది. కట్టు విప్పి మళ్లీ పరీక్షించిన రోజు నన్ను తలుపు బయట నిలబెట్టారు. లోపల్నుంచి ఆమె వేళ్ల లెక్కా, దానికి డాక్టరు 'సరే' అనడమూ గట్టిగా వినిపించాయి. పొర మళ్లీ పేరుకుంటే మళ్లీ తీస్తామని డాక్టరు ధైర్యం చెప్పాడు.

ఇదే పని మీద మద్రాసు వెళ్లేవారికి నేను చెప్పేది ఒకటే: వెంట వెళ్లండి, జవాబు మాత్రం రోగినే చెప్పనివ్వండి.

తిరుగు రైలు సూళ్లూరుపేట దాటాక, "అదుగో, కొంగలు!" అన్నాను.

రవణమ్మ కిటికీలోంచి తొంగిచూసింది.

"కొంగలేంది మామా! ఆరేసిన పంచెలు. నిన్ను గూడా ఆ డాక్టరుకు చూపించి ఉండాల్సింది."