బీబీ తలుపుకి లప్పం

తలుపుకి రంగు వేసి పరువు పోగొట్టుకున్న పెయింటర్‌ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు నన్ను చూడండి.

రెండువేల ఎనిమిదిలో ఒమాన్‌లోని సూర్‌లో ఒక కంపెనీలో రంగులు వేసేవాణ్ణి. సముద్రం పక్కన, తరాల కిందట ఆఫ్రికా తీరం నుంచి వచ్చిన నల్లజాతి ఒమానీల పాత పేట ఉండేది. మా రూమ్ మల్లేశం ప్రతి శుక్రవారం కొత్తగా వచ్చినవాళ్లని ఆ సందుల్లో నడిపిస్తూ, ఇది పడవలు కట్టినవాళ్ల ఇల్లు, ఇక్కడ పెళ్లిళ్లకి డప్పులు మోగుతాయి అని కథలు చెప్పేవాడు. ఆ పేటకి ఇల్లరికం వచ్చిన అల్లుడిలా తిరిగేవాడు.

చివరికి బీబీ ఇంటిముందు ఆగేవాడు. బీబీ అంటే వాళ్ల భాషలో అవ్వ. మన బూరెల్లాంటి మందాజీలు వేడివేడిగా పంచేది. పెద్దది ఎప్పుడూ మల్లేశానికే. నాకు ఒళ్లు మండిపోయేది. వాడు ఆ ఇంటి చెక్కడపు తలుపు కథ మొదలుపెట్టగానే పక్క సందులోకి పోయి సిగరెట్ ముట్టించేవాణ్ణి. వాడి గొప్పలు వినడం కంటే అదే ఆరోగ్యం అనిపించేది.

ఒక వారం బీబీ రుస్తాఖ్‌లో కూతురింటికి వెళ్లింది. ఆ తలుపుని తళతళలాడిస్తే పెద్ద మందాజీ ఇక నాదే అనుకున్నాను. చెక్క కింది భాగమంతా గీతలు. పెయింటర్ కంటికి గీతంటే లోపమే కదా. అన్నిటికీ లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, ఆకుపచ్చ రంగు రెండుసార్లు పూశాను. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. నేను తలుపుతో సరిపెట్టాను.

శుక్రవారం మల్లేశం జనంతో వచ్చేసరికి బీబీ కూడా అప్పుడే కారు దిగింది. నేను పెళ్లికొడుకులా నిలబడ్డాను.

మల్లేశం తలుపు చూసి తల పట్టుకున్నాడు. "పడవలేవిరా?"

"ఏం పడవలు?"

"బీబీ తాత సముద్రం మీద పోయొచ్చినప్పుడల్లా గా తలుపు మీద ఒక పడవ గీసిండు గదరా. వారం వారం చెప్తున్న. నువ్వెక్కడ సచ్చినవ్?"

పక్క సందులో, అని ఎలా చెప్పను?

బీబీ తిట్టలేదు. అరచేత్తో తలుపంతా తడిమింది. ఒక్క గీతా తగల్లేదు. కళ్లు తుడుచుకుంది. నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది.

"తుమ్ డాలా, తుమ్ నికాలో" అంది వచ్చీరాని హిందీలో. పెట్టింది నువ్వే, తియ్యాల్సిందీ నువ్వే.

అప్పట్నుంచి నా శుక్రవారాలన్నీ మేకు మొనతో లప్పం గోకడానికే పోయాయి. పడవ బయటపడ్డప్పుడల్లా బీబీ వేలితో తడిమి చూసి, నాకో మందాజీ ఇచ్చేది. చిన్నదే.

మల్లేశం మాత్రం జనాన్ని నా వెనక నిలబెట్టి కథకి కొత్త ముక్క అతికించాడు. "ఇగో, గా పడవలన్నీ ముంచినోడు గీడే."

జనం తలుపుని వదిలేసి నన్నే చూసేవాళ్లు. ఇన్నాళ్లూ నేను కుళ్లుకున్నది ఆ చూపుల కోసమే.

కాబట్టి ఆ తలుపు సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇక మీదట కథంతా విన్నాకే లప్పం డబ్బా మూత తీస్తాను. చెప్పేది మల్లేశమైనా సరే.